అక్క చేతి గీత

పిడుగు పెట్టె మీదెక్కి కూర్చుంది. దిగనంటే దిగనంది.

"అక్క బట్టలు ఇందులో పెట్టావంటే నేనూ ఇందులోనే పడుకుంటా. మూత వేసేసుకో. ఊపిరాడక చచ్చిపోతా. అప్పుడు నువ్వే ఏడుస్తావు!"

"ముందు దిగవే" అంది తల్లి.

"దిగను!"

"ఇంకో చెంప ఖాళీగానే ఉంది, చూసుకో."

ఆరేళ్ళ పిల్ల ఆ రెండో చెంపని అరచేత్తో మూసుకుంది గానీ పెట్టె మాత్రం దిగలేదు. మొదటి చెంప మీద పొద్దున పడిన నాలుగు వేళ్ళూ ఇంకా ఎర్రగా తేలే ఉన్నాయి.

మంచానికి అవతల పదేళ్ళ ముని తన గౌన్లు తనే మడత పెట్టుకుంటోంది. అంచుకి అంచు కలిపి, అరచేత్తో ఒకసారి నిమిరి, దొంతి మీద పెడుతోంది. ఎవరి వంకా చూడటం లేదు. ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. చిన్నదానికి పిడుగని పెట్టిందీ ఆయనే. పేర్లు పెట్టేసి ఆయన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ వారానికి గానీ రాడు. పెంచాల్సింది మాత్రం అద్దాలమ్మే.

ఆ వీధిలో అందరూ ఆమెని అద్దాలమ్మనే అంటారు. ముందు గదిలో పటాలు కట్టే కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. పటాలు కడుతుంది, కిటికీలకి గాజు కోస్తుంది, గోడలకి అద్దాలు బిగిస్తుంది.

పొద్దున్నే ఆ కొట్లో ఆరడుగుల అద్దం ఒకటి భళ్ళుమంది.

అది డాన్సు స్కూలు వాళ్ళది. రేపు పొద్దున బిగించాలి. స్నానాల గదిలోంచి తడి తలతో పరిగెత్తుకొచ్చేసరికి నేలంతా గాజు. ఆ గాజు మధ్యలో పిడుగు రబ్బరు బంతి. గుమ్మంలో పిడుగు, అప్పుడే నిద్రలేచిన మొహంతో.

"నేను కాదు! నేను కాదమ్మా! నేను ఇప్పుడే లేచా!" ఇంటి కప్పు లేచిపోయేలా అరిచింది పిడుగు.

"ముని! ఎవరే?" అని అడిగింది తల్లి.

 ముని బంతి వంక చూసింది. అంతే.

ఆ చూపు చాలింది. చెయ్యి లేచింది. ఆ ఊపులోనే ఫోను చేసింది తన అక్కకి. "నువ్వన్నదే నిజం. వీళ్ళిద్దర్నీ ఒకచోట ఉంచి పెంచడం నా వల్ల కాదు. పెద్దదాన్ని తీసుకెళ్ళు. సాయంత్రం నాలుగింటికి రా" అంది.

ఇప్పుడు మూడైంది.

"ముని, దాన్ని దించు. నీ మాటైతే వింటుంది."

ముని గౌను మడత ఆపకుండానే, "దిగు" అంది.

"నువ్వు పోతావా?"

"దిగు."

"నేను బంతి వెయ్యలేదక్కా. ఒట్టు. నీకు తెలుసుగా, నేను వేస్తే వేశాననే చెప్తా. మొన్న కుక్కపిల్లకి నీ షాంపూతో స్నానం చేయించానని నేనే చెప్పాగా. చెప్పానా లేదా?"

ముని చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.

తల్లికి అది కనబడలేదు. చిన్నదాన్ని చంకల కింద చేతులేసి ఎత్తి, తన్నులు తింటూనే మంచం మీద కుదేసి, చరచరా కొట్లోకి నడిచింది.

*

పగిలిన అద్దాన్ని పారెయ్యదు ఏ అద్దాల మనిషీ. పెద్ద ముక్కలు ఏరుకుంటే చేతి అద్దాలకి పనికొస్తాయి. పొద్దున కోపంలో అన్నీ చీపురుతో మూలకి తోసేసింది. ఇప్పుడు తోలు తొడుగులు వేసుకుని ఒక్కో ముక్కా దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టసాగింది.

నాలుగో ముక్క పొడుగ్గా ఉంది. జానెడు వెడల్పు, మూడడుగుల లోపు ఎత్తు. అద్దం కుడి పక్క కింది మూల అది. కింద ఫ్యాక్టరీ అంచు, పక్కన ఫ్యాక్టరీ అంచు. పైన మాత్రం...

తొడుగు తీసేసి బొటనవేలితో పై అంచుని తడిమింది.

నున్నగా ఉంది.

బంతి తగిలిన గాజు సాలెగూడులా చిట్లుతుంది. అంచులు ఒంకర్లు తిరుగుతాయి. ఇలా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా విడిపోదు. ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అంచు పొడుగునా నూలుపోగంత తెల్లటి గీత. గాజు కోసే కట్టర్ గీత!

ఎవరో ఆ అద్దాన్ని అడ్డంగా గీశారు. గీత పడిన గాజు ఇక గాజు కాదు, ఎప్పుడు విడిపోదామా అని కాచుకుని ఉంటుంది. చిన్న తట్టు చాలు.

ఆమె కళ్ళు గీత చివరికి వెళ్ళాయి. అక్కడ, సరిగ్గా అంచు దగ్గర, గోరంత పెచ్చు లేచిపోయి ఉంది.



కట్టర్ని గాజు చివరిదాకా లాగకూడదు. వెంట్రుకవాసి ముందే ఆపాలి. ఆపకపోతే దాని చిన్న చక్రం అంచు మీంచి జారి పెచ్చు లేపుతుంది. ఇదే కొట్లో, ఇదే బల్ల దగ్గర తమ నాన్న ఇద్దరు కూతుళ్ళకీ నేర్పాడు. చిన్నది తను, వారంలో నేర్చుకుంది. పెద్దదాని గీత చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది, అంత తిన్నగా వచ్చేది. కానీ చివర్లో మాత్రం ఆపేది కాదు. "ఆపవే, ఆపవే" అని నాన్న అరిచినా సరే, నవ్వుతూ అంచు దాటించేది. ప్రతి గీతకీ చివర ఒక పెచ్చు.

అక్క చెయ్యి!

నిన్న సాయంత్రం అక్క వచ్చింది. "ముని లాంటి పిల్ల ఈ గోలలో పాడైపోతోందే, నా దగ్గర ఉంచు" అని మరోసారి అడిగింది. "వాళ్ళిద్దరూ విడిపోరక్కా" అని మరోసారి చెప్పింది తను. తర్వాత లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ అక్క ఒక్కతే కొట్లో ఉంది, ఆ అద్దం ఎదురుగా.

అద్దాలమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది.

తనకి ఎనిమిదేళ్ళప్పుడు, అచ్చం ఇలాగే, ఇదే కొట్లో ఒక నిలువుటద్దం పగిలింది. "నేను కాదు నాన్నా" అని తను అరిచింది. అక్క అరవలేదు. నిలబడి నేల చూపులు చూసింది. నాన్న బెల్టు తీశాడు. అరిచినది తప్పు చేసింది, అరవనిది బుద్ధిమంతురాలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బెల్టు మోత తన వీపులో మోగుతూనే ఉంది. మరి ఇవాళ తనేం చేసింది? పిడుగు చెంప మీద అదే మోత మోగించింది.

అది గుర్తొచ్చాక ఏడుపు రావాలి. రాలేదు. వచ్చింది కసి.

'మొదటిసారి నన్ను కొట్టించావు. ఇప్పుడు నా చేత్తోనే నా బిడ్డని కొట్టించావు. ఇంకో బిడ్డని ఎత్తుకుపోదామనుకున్నావు. రా అక్కా. రా. నీ చేత్తోనే నిన్ను పట్టిస్తాను. పిల్లల ముందే.'

ఆ ముక్కని గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టింది. వెళ్ళి మొహం కడుక్కుని, తల దువ్వుకుంది. ఏళ్ళ తర్వాత మొదటిసారి అక్క రాక కోసం ఎదురుచూసింది.

*

సరిగ్గా నాలుగింటికి తెల్లకారు గుమ్మం ముందు ఆగింది. అక్క ఏదీ ఆలస్యంగా చెయ్యదు, గట్టిగా చెయ్యదు. డ్రాయింగు టీచరు. ఆదివారాలు మునిని తన ఇంటికి తీసుకెళ్ళి బొమ్మలు నేర్పుతుంది. కారు తలుపు కూడా చప్పుడు రాకుండా వేసింది.

"చిన్నీ, ఏడ్చావా? కళ్ళు అలా ఉన్నాయేం?"

"గాజు పొడి పడింది."

"జాగ్రత్తమ్మా." అక్క భుజం మీద చెయ్యి వేసింది. అద్దాలమ్మ ఆ చేతిని వేసినంతసేపూ ఉండనిచ్చింది. "పోనీలే, పిల్ల చేష్ట. చిన్నదాన్ని మరీ కొట్టావటగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఫోన్లో దాని ఏడుపు వినబడింది."

పెట్టె పట్టుకుని ముని వచ్చింది. వెనకే పెట్టె పిడిని వెనక్కి లాగుతూ పిడుగు.

"పెద్దమ్మా, నువ్వు వెళ్ళిపో! మా అక్కని ఇవ్వం! నీ కారు గాలి తీసేస్తా!"

"అబ్బో, తీసెయ్యమ్మా, నీ పేరు పిడుగుగా" అంది పెద్దమ్మ నవ్వుతూ.

"అక్కా" అంది అద్దాలమ్మ. తన గొంతు తనకే తియ్యగా వినబడింది. "వెళ్ళే ముందు చిన్న సాయం చెయ్యి. పొద్దుట్నించీ మణికట్టు పట్టేసింది. ఇదిగో, ఈ గాజుకి ఒక్క గీత గీసిపెట్టు. నీ చెయ్యి నాకంటే బాగా తిరుగుతుందనేవాడుగా నాన్న."

అక్క కళ్ళలో ఏదో మెరిసింది. అది ఆనందమే. "అంటూనే కొట్టు నీకిచ్చాడుగా" అంటూ చీరచెంగు దోపుకుని కట్టర్ అందుకుంది.

స్స్స్ మని పాములా పాకింది గీత. తిన్నగా, ఒక్క వణుకు లేకుండా. చివరికి వచ్చింది. ఆగలేదు. టిక్కుమంది.

పెచ్చు లేచింది.

అద్దాలమ్మ వంగి గుడ్డ విప్పి, బల్ల కింది ముక్కని తెచ్చి ఆ గాజు పక్కన పెట్టింది. పెచ్చు పక్కన పెచ్చు.

"చూడు. ఒకే చెయ్యి."

"ఏమిటిది?"

"డాన్సు స్కూలు వాళ్ళ అద్దం. నిన్న నేను టీ పెడుతుంటే నువ్వు గీసిన అద్దం. పొద్దున ఊరికే తగిలినా పడిపోయేలా చేసి వెళ్ళావు. నా కూతురు దొంగయ్యింది. ఇంకో కూతురు నీదయ్యేది."

"నీకు మతిపోయిందా చిన్నీ?"

"పిల్లల ముందు చెప్పు. నాన్న ముందు చెప్పలేదు, నా పిల్లల ముందైనా చెప్పు. 'నేనే' అను. ఒక్క మాట. ముప్ఫై ఏళ్ళు బాకీ ఉన్నావు నాకా మాట!"

"అమ్మా! నేను చెప్పాగా, నేను కాదని!" పిడుగు గంతులేసింది. "పెద్దమ్మ! పెద్దమ్మ! పెద్దమ్మే!"

 అక్క ఆ ముక్కని రెండు చేతులతో ఎత్తింది. కోణం మార్చి చూసింది. తర్వాత నెమ్మదిగా, ఫ్యాక్టరీ అంచు కిందికి వచ్చేలా దాన్ని నేల మీద నిలబెట్టింది. పై అంచు ఆమె నడుము దగ్గరికి కూడా రాలేదు.

"అద్దం నేల మీద నిలబెట్టి ఉందిగా నిన్న?"

"అయితే?"

"నేను నిలబడి గీస్తే నా భుజమెత్తున గీస్తాను. ఇలా నడుం వంచి ఎందుకు గీస్తాను?"

"మాట తప్పించకు."

"గీత నా చేతిలాగే ఉంది, నిజమే. నేను కాదనడం లేదు." ఆ మెత్తటి గొంతు మొదటిసారి గీరుకుపోయింది. "నాన్న ముందు... సరే. ఆ రోజు అద్దం నేనే పగలగొట్టాను. చాలా? ఇది మాత్రం నేను కాదు."

ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మాట. వచ్చింది. కానీ అద్దాలమ్మకి దాన్ని చేతిలోకి తీసుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఎందుకంటే అక్క తన వంక చూడటం లేదు.

పెట్టె పక్కన నిలబడ్డ ముని వంక చూస్తోంది. ఆ గాజు ముక్క పై అంచు ముని గుండెల ఎత్తుకి సరిగ్గా సరిపోయింది.

"ఆదివారాలు" అంది అక్క. "బొమ్మలు నేర్పుతానని తీసుకెళ్ళేదాన్నిగా. బొమ్మలు కాదు. నాన్న పాత కట్టర్ ఒకటి నా దగ్గరుంది."

"దానికి కట్టర్ ఇచ్చావా? ముట్టుకోవద్దని నా పిల్లలకి..."

"నీ చేతికి రాని పని నీ కూతురి చేతికి వస్తుందని చూపించాలనుకున్నా. నాన్న నాకివ్వంది నేను దానికిద్దామనుకున్నా. తప్పా?"

"ముని." అద్దాలమ్మ కూతురి వైపు ఒక అడుగు వేసింది. "ముని, నువ్వు కాదు కదూ?"

ముని తలెత్తింది. తడబడలేదు.

"నేనే."



"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు గీశా. అద్దం వెనక సందులోంచి కట్టర్ పిడితో తట్టా. బంతి కూడా నేనే పెట్టా."

"ఎందుకే?"

"ఇద్దరూ విడిపోరని నువ్వు పెద్దమ్మకి చెప్పావుగా. నన్నడగలేదు." ముని ఒక్కో మాటా గౌను మడత పెట్టినట్టే పేర్చింది. "నా పుట్టినరోజు సాయంత్రం చెల్లి మెట్ల మీంచి పడింది. నువ్వు దాన్నెత్తుకుని ఆస్పత్రికి వెళ్ళావు. కేకు నేనే కోసుకున్నా. నేనే తిన్నా. పళ్ళెం కడిగి బోర్లించా. నువ్వొచ్చాక కేకేదీ అని కూడా అడగలేదు. ఏడిస్తే వస్తావని తెలుసు. నాకు ఏడవడం రాదు."

"తల్లీ..."

"పొద్దున దాన్ని కొట్టావుగా. నాకు బాగా అనిపించింది."

పెట్టె పిడిని పట్టుకున్న పిడుగు వేళ్ళు ఒకటొకటిగా వదిలాయి.

అరవాలి ఆ పిల్ల. కింద పడి కాళ్ళు కొట్టుకోవాలి, అక్క జడ పట్టుకు లాగాలి. అలాంటిదేమీ చెయ్యలేదు. చెంప తుడుచుకుంది. చాలా నెమ్మదిగా, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అంది:

"అక్కని పంపించెయ్యమ్మా."

అనేసి లోపలికి నడిచింది.

 అది పిడుగు గొంతు కాదు. పక్కనే నిలబడ్డ అక్క గొంతు. ముని గొంతు.

అక్క కట్టర్ని బల్ల మీద పెట్టి, చీరచెంగు విదిలించుకుంది. "చిన్నీ, ఇవాళ వద్దులేవే. నువ్వు కాస్త స్థిమితపడు. సెలవుల్లో చూద్దాం."

"ఏం చూద్దాం?"

"అది కాదు... నేనొక్కదాన్ని ఉంటాను. ఇలాంటి పిల్లని..."

"ఎలాంటి పిల్లని?"

"నాకు భయంగా ఉందే. దాని కళ్ళు చూడు."

ఆ మాటతో అద్దాలమ్మ లోపల నాన్న బెల్టు మళ్ళీ ఒక్కసారి మోగింది. పిల్ల బంగారం అన్నన్నాళ్ళూ కావాలి. తన పోలిక బయటపడగానే అక్కర్లేదు. తప్పు చేసి, చేతులు దులుపుకుని, చప్పుడు రాకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోవడం! ఈసారి వెళ్ళనివ్వదు. ఈసారి మొయ్యాల్సిందే.

"భయమా? ఎందుకక్కా? అద్దంలో చూసుకున్నట్టుందా?" పెట్టె అందుకుని అక్క కాళ్ళ ముందుకి తోసింది. "నీ చెయ్యి నేర్పావు. నీ నోరు నేర్పావు. నువ్వు తయారుచేసిన పిల్లేగా ఇది, తీసుకెళ్ళు! నాకొద్దు. నువ్వే పెంచుకో, నీకు తెలుస్తుంది!"

అక్క మొహం తెల్లగా పాలిపోయింది. కొట్టిన దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ముప్ఫై ఏళ్ళలో ఇంత తియ్యటి క్షణం అద్దాలమ్మకి లేదు.

ఆ తీపి నాలుక మీద ఉండగానే ముని వంగి, పెట్టె పిడి పట్టుకుంది.

"ముని, నిన్ను కాదే. నేనన్నది పెద్దమ్మని..."

ముని వినలేదు. పెట్టె ఈడ్చుకుంటూ గుమ్మం దిగింది. కారు వెనక తలుపు తీసి, పెట్టె లోపల పెట్టి, తనూ కూర్చుని, తలుపు మూసుకుంది. చప్పుడు రాకుండా. తర్వాత ముందు సీట్ల మధ్యలోంచి చెయ్యి చాచి తాళం మీట నొక్కింది. నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమన్నాయి.

అద్దాలమ్మ వీధిలోకి పరిగెత్తి కిటికీ మీద బాదింది. "తియ్యి తల్లీ! తలుపు తియ్యి! కోపంలో అన్నానే!"

ముని నేరుగా ముందుకి చూస్తోంది. డ్రైవరు సీటు వంక. అది ఖాళీగా ఉంది.

"అక్కా, తాళాలు! కారు తాళాలివ్వు!"

అక్క గుమ్మం ముందు మెట్టు మీద నిలబడిపోయింది. తాళాల గుత్తి గుప్పిట్లోనే ఉంది. ఆ గుప్పిలిని గుండెలకి అదుముకుంది. ఇవ్వడానికి ముందుకి రాలేదు, నడపడానికీ రాలేదు.

"ఇవ్వవే! నీకు దండం పెడతా!"

"ఇస్తే నన్ను దోషిని చేసి పంపిస్తావు" అంది అక్క. "ముందు నువ్వు చెప్పు. అద్దం దాని పనేనని మీ ఆయనకి చెప్తావా, నా పేరు చెప్తావా?"

అద్దాలమ్మ జవాబివ్వడానికి నోరు తెరిచింది.

అప్పుడు అక్క వెనక నుంచి ఒక చప్పుడు వినబడింది. ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు.

అక్క భుజం మీంచి చూసింది. కొట్టు తలుపు మూసి ఉంది. లోపలివైపు నుంచి పిడుగు పై గడియ కూడా వేస్తున్న చప్పుడు. దానికి ఆ గడియ అందదు. స్టూలు ఈడ్చుకుని ఎక్కి ఉండాలి.

"పిడుగూ! తియ్యవే!"

లోపల్నుంచి ఒక్క కేక కూడా రాలేదు.